నోరు మూసుకుని ఆడలేని మావయ్య

పిచ్చుక వాళ్ళ మావయ్యకి నోరు మూసుకుని వీడియో గేము ఆడటం చేతకాదు. అందరూ వేళ్ళతో ఆడతారు, ఆయన నోటితో ఆడతాడు. తెరమీద చీమ కదిలితే చాలు, అది ఏ రంగుదో, ఎటునుంచి ఎటు పోతోందో, దాని మొహం ఎందుకంత వాడిపోయి ఉందో వీధి మలుపుదాకా వినబడేలా చెప్పాల్సిందే. చెబితే తప్ప ఆయన బొటనవేలు బటన్ మీద పడదు. వీధిలో వాళ్ళు ఆయనకి 'కామెంటరీ' అని పేరు పెట్టారు. ఆ పేరు విని ఆయన నొచ్చుకోలేదు సరికదా, "ఆడేవాళ్ళు బోలెడుమంది, చెప్పేవాళ్ళేరీ?" అని కాలరు సర్దుకున్నాడు.

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "నేను మాట్లాడటం ఆపితే కదా, ఎవరైనా అవునో కాదో చెప్పేది!" అనేవాడు. ఇంట్లో ఆయనా, వాళ్ళమ్మా. పిచ్చుక వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు కావడంతో, బడి వదిలాక ఆమె డ్యూటీ దిగేదాకా పిల్ల అమ్మమ్మ ఇంట్లోనే ఉండేది. ఆ పిల్ల సోఫాలో కూర్చునేది కాదు, సోఫా చెయ్యి మీద కాళ్ళు ముడుచుకుని వాలేది. అందుకే మావయ్య పిచ్చుక అన్నాడు. అసలు పేరు బడి రిజిస్టరులోనే మిగిలిపోయింది.

అమ్మమ్మకి చెవుడు. కొడుకు కామెంటరీతో కిటికీ అద్దాలు అదిరిపోతుంటే, ఆవిడ పక్కనే కూర్చుని బటానీలు ఒలుచుకుంటూ, వచ్చినవాళ్ళతో ఎంతో దిగులుగా అనేది: "మావాడు మంచివాడే గానీ, నోట్లో నాలుక లేనివాడమ్మా. వీడు ఈ లోకంలో ఎలా బతుకుతాడో ఏమో!"

పిచ్చుకకి గుర్తున్న మొదటి గేము అరచేతిలో పట్టేంత బూడిదరంగు డబ్బా. పైనుంచి ఇటుకలు పడుతుంటాయి, కింద ఖాళీ లేకుండా పేర్చాలి. అంతే. అందులో చెప్పడానికి ఏముంటుంది? మావయ్యకి ఉండేది.

"అదిగో పొడుగు కడ్డీ వస్తోంది. నిటారుగా వస్తోంది, పొగరుబోతు. నిన్ను పడుకోబెడతానుండు. అయ్యో, ఈ వంకర ముక్క మళ్ళీ వచ్చిందిరా! దీన్ని ఏ ఇంట్లోనూ చేర్చుకోరు పాపం. కుడివైపు మూలకి రా తల్లీ, నీకో గుంట చూపిస్తా."

"మావయ్యా, అది ఇటుక," అనేది పిచ్చుక.

"ఇటుకైతే? దానికి మాత్రం ఇల్లు ఉండొద్దా?"

తర్వాత టీవీకి తగిలించే గేము వచ్చింది. ఎర్రచొక్కా బుడ్డోడొకడు గోడలు దూకుతూ, తాబేళ్ళని తప్పించుకుంటూ పరిగెత్తేవాడు. ఆ గేము వచ్చిన వారంలోనే మావయ్య టీవీని ముందుగదిలోంచి వెనకగదిలోకి మార్చాడు. వెనకగది కిటికీ తెరిస్తే రెండు బిల్డింగుల మధ్య సన్నటి సందు, అందులో డ్రైనేజీ గొట్టాలు, అవతలి బిల్డింగు కిటికీ. ఆ బిల్డింగు గుమ్మం వేరే వీధిలో ఉంది కాబట్టి అందులో ఎవరుంటారో ఇటువైపు వాళ్ళకి తెలీదు.

"ముందుగది లక్షణంగా ఉండగా ఈ కొట్టుగదిలో పెట్టావేంట్రా?" అని అడిగింది పిచ్చుక వాళ్ళమ్మ.

"ఇక్కడ గాలి బాగా వస్తుందక్కా."

"గాలా? గొట్టాల కంపు!"

"కంపు కూడా గాలి మీదేగా రావాలి," అన్నాడు మావయ్య, కిటికీ రెక్కలు బార్లా తెరుస్తూ.

ఇక మొదలు. "ఇదిగో బుడ్డోడు బయల్దేరాడు. ఆకాశం నీలంగా ఉంది, ఎడమచేతి వైపు పచ్చటి గొట్టం, నడుమెత్తు ఉంటుంది. గొట్టంలోంచి పువ్వొకటి తొంగిచూస్తోంది. పువ్వే గానీ పళ్ళున్నాయి దానికి, జాగ్రత్త! ఎదురుగా రెండు తాబేళ్ళు. ముందున్నది హుషారుగా ఉంది, వెనకది ఇంట్లో గొడవపడి వచ్చినట్టుంది..."

అవతలి కిటికీలోంచి ఉరుము ఉరిమింది. "ఎవడ్రా అది! నోర్ముయ్!"

పిచ్చుక సోఫా చెయ్యి మీంచి జారి కిందపడింది. మావయ్య మాత్రం వినిపించుకోనట్టే, ఇంకాస్త గొంతు పెంచి, "బుడ్డోడు కాసేపు ఆగాడండీ, ఎక్కడో పిడుగు పడింది," అన్నాడు.

అలా మొదలైంది ఎదురుకిటికీతో యుద్ధం. ఆ కిటికీకి ఎప్పుడూ తెర వేసే ఉండేది. మనిషి ఎలా ఉంటాడో పిచ్చుక ఎన్నడూ చూడలేదు, గొంతు మాత్రం బొగ్గుల మీద ఇసుక పోసినట్టుండేది. మొదట్లో 'నోర్ముయ్' అని ఊరుకునేవాడు. కొన్నాళ్ళకి తిట్లు పొడుగయ్యాయి. ఇంకొన్నాళ్ళకి తిట్లలో సలహాలు కలిశాయి.

"ఒరేయ్ దద్దమ్మా! ఇందాక పచ్చగొట్టం పక్కన నిచ్చెన ఉందన్నావుగా! అది ఎక్కకుండా గోతిలో దూకుతావేంట్రా?"

మావయ్య వెనక్కి వెళ్ళేవాడు. నిచ్చెన ఎక్కేవాడు. పైన బంగారు నక్షత్రం ఉండేది.

"ఆయన మన టీవీ చూస్తున్నాడు మావయ్యా," అంది పిచ్చుక కోపంగా. "తెర సందులోంచి దొంగచూపులు చూసి, మళ్ళీ మననే తిడుతున్నాడు!"

"చూడనీ. చూస్తే అరిగిపోతుందా?"

ఆ తర్వాత చేతిఫోన్లు వచ్చాయి, వాటిలో పాము గేము వచ్చింది. మావయ్య జేబులో కామెంటరీ పెట్టుకుని ఊరంతా తిరగడం మొదలుపెట్టాడు. ఒకసారి పిచ్చుకకి పన్ను నొప్పి వస్తే పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ హాలు నిండా దవడలు పట్టుకుని మూలిగే జనం. మావయ్య ఫోను తీశాడు.

"పాము బయల్దేరింది. ఇంకా పిల్లపామే, నాలుగు చుక్కలంత ఉంది. కుడివైపు మూలన మేత కనబడింది. మింగింది! ఇప్పుడు ఎడమకి... తోక అడ్డొస్తోందండీ, సొంత తోకే శత్రువైంది..."

పిచ్చుక సిగ్గుతో రెండు దవడలూ కప్పుకుంది. కానీ ఎదుటి కుర్చీలో పెద్దమనిషి మూలగడం ఆపి, "పైకి తిప్పండి, పైకి!" అన్నాడు. ఇంకొకావిడ, "గోడ, గోడ!" అని అరిచింది. నర్సు పేరు పిలిస్తే, వెళ్ళాల్సిన మనిషి, "ఒక్క నిమిషం ఉండమ్మా, పాము ఇరుక్కుంది," అని చెయ్యి ఊపాడు. డాక్టరే బయటికొచ్చి చూస్తే పేషెంట్లంతా మావయ్య చుట్టూ మూగి ఉన్నారు, ఒక్కళ్ళ చెయ్యి కూడా దవడ మీద లేదు.

"ఇంటిదగ్గర ఆడితే సరిపోదా మావయ్యా?" అని దారిలో సణిగింది పిచ్చుక.

"నోటికి సాధన ఉండొద్దటే? పాటగాళ్ళు చెయ్యరా?"

పిచ్చుక కాలేజీలో చేరిన ఏడు కార్ల గేము వచ్చింది. దాంతో ఎదురుకిటికీ పూర్తిగా శివాలెత్తిపోయింది. మావయ్య "మలుపు వస్తోంది, కుడికి తిరిగే మలుపు, రోడ్డు తడిగా ఉంది" అనడమే తరువాయి, అవతలినుంచి "గేరు తగ్గించు! తడిరోడ్డు మీద మలుపులో బ్రేకు తొక్కుతావురా గాడిదా? మలుపుకి ముందే తొక్కాలి! నీకు లైసెన్సు ఇచ్చినవాణ్ణి జైల్లో వెయ్యాలి!" అని కేకలు.

ఒకరోజు ఆ కేకల వేళకి పిచ్చుక స్నేహితురాళ్ళు వచ్చి ఉన్నారు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. విసురుగా లేచి కిటికీకి దుప్పటి కట్టేసింది. "ఇప్పుడు చూడమను, ఎలా చూస్తాడో!"

మావయ్య కాసేపు తటపటాయించి, దుప్పటి వైపు మొహం తిప్పి, గొంతు ఇంకో మెట్టు పెంచాడు. "ఎడమవైపు కొండ! కుడివైపు లోయ! ముందు పసుపు కారు, మనకి దారివ్వడం లేదు!"

దుప్పటి అవతలినుంచి: "హారన్ కొట్టు! పసుపు కారువాడు కొత్తవాడై ఉంటాడు, బెదిరిపోతాడు!"

స్నేహితురాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. పిచ్చుకకి మాత్రం ఆ దుప్పటిలో చిల్లు ఎక్కడుందో అంతుపట్టలేదు.

పెరిగి పెద్దయ్యాక ఆమెకి ఉద్యోగం కూడా ఆటల్లోనే దొరికింది. కొత్త గేములు మార్కెట్లోకి రాకముందే ఆడి, వాటిలో తప్పులు పట్టుకునే పని. తప్పులు పట్టడంలో ఆమెకి సాటిలేదు. చెప్పడంలోనే చిక్కు. "అక్కడేదో తేడాగా ఉంది సార్," అనేది. "అక్కడంటే ఎక్కడమ్మా?" అని ఆఫీసరు తల పట్టుకునేవాడు. ఆమె తప్పేముంది? మావయ్య పక్కన పెరిగిన మనిషికి నోరు తెరిచే అవసరం ఎప్పుడొచ్చింది గనక!

మావయ్య రిటైరైన రోజున ఆమె ఒక పెద్ద గేము తెచ్చి ఇచ్చింది. అందులో ఒక అక్క, సముద్రంలో తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ పడవలో దీవి దీవికీ తిరుగుతుంది. ప్రతి దీవిలో ఒక ఊరు, ప్రతి ఊళ్ళో సంత, సంతలో పిల్లులు. అసలు వెతుకులాట వదిలేసి మావయ్య పిల్లుల్ని వర్ణించుకుంటూ కూర్చునేవాడు. "ఇదిగో బూడిదరంగు పిల్లి, చేపల బుట్ట మీద కూర్చుంది, బుట్ట తనదే అన్నట్టు." ఎదురుకిటికీ ఊరుకునేదా? "పిల్లి సంగతి తర్వాత! ఆ పిల్లాడు ఏమయ్యాడో చూడరా ముందు! పడవ తియ్యి!"

పడవ పొగమంచులో దీపస్తంభం దాకా వెళ్ళింది. సరిగ్గా అక్కడ మావయ్య గొంతు పోయింది.

మొదట బొంగురుపోయింది, తర్వాత పిల్లికూతలా మారింది, ఒకరోజు పొద్దున పూర్తిగా ఆగింది. డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, స్వరతంతువుల మీద బొడిపెలు లేచాయన్నాడు. భయపడాల్సింది కాదట, ఇన్నేళ్ళ అరుపులకి కాయలు కాశాయట. "నేను చెప్పేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు. మాట్లాడారో, గొంతు తిరిగి వస్తుందని నేను హామీ ఇవ్వలేను."

మావయ్య తలూపాడు. అమ్మమ్మ ఇంటికొచ్చిన వాళ్ళకి, "నేను ముందునుంచీ అంటూనే ఉన్నానా, మావాడు మాటకారి కాదని," అని చెప్పుకుంది.

పిచ్చుక సెలవు పెట్టి వచ్చింది. మావయ్య టీవీ దుమ్ము తుడిచాడు, గేము పెట్టె తుడిచాడు, కిటికీ తెరిచాడు, మళ్ళీ కూర్చున్నాడు. టీవీ మాత్రం పెట్టలేదు. "చప్పుడు చెయ్యకుండా ఆడుకో మావయ్యా, ఎవరొద్దన్నారు?" అంటే తల అడ్డంగా ఊపాడు. గొంతు పోయినందుకు అంత బాధ లేదుగానీ, కిటికీ వైపు చూసినప్పుడల్లా ఆయన మొహం చిన్నబోయేది. సాయంత్రం అయ్యేసరికి కుర్చీలో కూర్చోలేకపోయేవాడు.

మొదటిరోజు కిటికీ అవతల చడీచప్పుడూ లేదు. మర్నాడు ఒక దగ్గు వినిపించింది. "కరెంటు పోయిందేంటి?" అని గొణుగుడు. ఆ మర్నాడు కాస్త గట్టిగా, "ఒరేయ్, ఊళ్ళో లేవా?" అంది గొంతు. ఎవరూ పలకలేదు. కొంచెంసేపు ఆగి, ఈసారి తిట్టు లేకుండా, బతిమాలినట్టుగా వచ్చింది మాట: "దీపస్తంభం దగ్గర పడవ ఆపావు. ఆ పిల్లాడు దొరికాడా లేదా, అది ఒక్కటీ చెప్పి పోరాదూ?"

పిచ్చుక కిటికీ దగ్గరికి వెళ్ళింది. "మావయ్యకి గొంతు బాగోలేదండీ! మాట్లాడకూడదన్నారు! కావాలంటే టీవీ పెడతాను, మీరే చూసుకోండి, మా కిటికీ తీసే ఉంది!"

వెనక్కి తిరిగితే మావయ్య నెత్తి కొట్టుకుంటున్నాడు. ఆమెని చూసి రెండు అరచేతులతో కళ్ళు మూసుకున్నాడు.

"ఏంటి మావయ్యా? దాగుడుమూతలా?"

కాదని తలూపాడు. కిటికీ వైపు చూపించాడు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

"వెలుతురెక్కువైందా? కిటికీ మూసెయ్యనా?"

మావయ్య రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. తర్వాత ఎదురుకిటికీ వైపు వేలు చూపించి, కళ్ళు మూసుకుని, చేతులు ముందుకు చాచి, గదిలో తడుముకుంటూ నాలుగడుగులు వేశాడు. వేసి, కళ్ళు తెరిచి ఆమెని చూశాడు.

పిచ్చుక అక్కడే సోఫా చెయ్యి మీద కూలబడింది. దుప్పటిలో చిల్లెందుకు దొరకలేదో ఇన్నేళ్ళకి తెలిసింది.

మావయ్య గేము పెట్టె చంకలో పెట్టుకుని, ఆమె చెయ్యి పట్టుకుని బయల్దేరదీశాడు. మెట్లు దిగి, వీధి చుట్టి, అవతలి వీధిలోకి తిరిగి, ఆ బిల్డింగు గుమ్మం ఎక్కారు. లిఫ్టులోకి అడుగుపెట్టగానే మావయ్య దాని గోడని పాత స్నేహితుణ్ణి తట్టినట్టు తట్టాడు. ఆ లిఫ్టుకి ఆయనే మెకానిక్ అన్న సంగతి అప్పుడు తెలిసింది పిచ్చుకకి.

తలుపు తీసిన మనిషి పొడుగ్గా, భుజాలు వంగి, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. కళ్ళు ఎటో చూస్తున్నాయి. "ఎవరు?" బొగ్గుల మీద ఇసుక గొంతే.

"నేనండీ... ఎదురింటి పిల్లని. మావయ్య కూడా వచ్చాడు."

పెద్దాయన చెవి ముందుకు వంచాడు. "గొంతు పోయిందంటగా?"

మావయ్య అలవాటుకొద్దీ తలూపాడు.

"తలూపుతున్నాడండీ," అంది పిచ్చుక.

"ఊపక చస్తాడా! అంత అరిస్తే గొంతు పోదూ? రండి లోపలికి. కుర్చీలు ఎక్కడివక్కడే ఉంటాయి, జరపొద్దు, నాకు తగులుతాయి."

గదిలో కిటికీ పక్కనే ఒక కుర్చీ. సందువైపున్న దాని చెయ్యి అరిగిపోయి ఉంది. పెద్దాయన ట్యాక్సీ నడిపేవాడట. చూపు మందగించి, చివరికి ఆపరేషన్ కూడా కలిసిరాక, బండి అమ్మేసి ఆసుపత్రినుంచి ఇంటికొచ్చిన రోజే లిఫ్టు మధ్యలో ఆగిపోయిందట.

"కొత్తగా పోయిన కళ్ళమ్మా. పెట్టెలో పెట్టి మేకులు కొట్టేసినట్టయింది. గోడలు బాదుతున్నాను. పైనుంచి ఒకడు మాట్లాడటం మొదలెట్టాడు. 'ఇదిగో పెద్దాయనా, నేను లిఫ్టు కప్పు మీద ఉన్నాను. ఇక్కడ నల్లటి తాడు ఉంది, నా మణికట్టంత లావు. దాని పక్కన చక్రం. చక్రం మీద పావురం గూడు పెట్టింది, రెండు గుడ్లు. అది నన్ను కోపంగా చూస్తోంది. నేను ఇప్పుడు పానా తీస్తున్నాను.' లిఫ్టు కదిలేదాకా ఆపలేదు. ఆ చీకట్లో నాకు పావురం కనబడింది. తలుపు తెరుచుకున్నాక థాంక్స్ కూడా చెప్పకుండా ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాను."

మావయ్య తన కాలి బొటనవేళ్ళ వైపు చూసుకుంటున్నాడు.

"పలకరించడానికి వచ్చినవాళ్ళంతా అయ్యో పాపం అన్నారు. ఒక్కొక్కణ్ణీ గెంటేశాను. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆ కిటికీలోంచి పచ్చగొట్టాలూ, తాబేళ్ళూ అని మొదలైంది."

"మీకు తెలుసా? మీకోసమే చెబుతున్నాడని?"

"ఏ మనిషైనా ఒక్కడే కూర్చుని 'ఎడమచేతి వైపు నడుమెత్తు గొట్టం' అని తనకి తాను చెప్పుకుంటాడా? పోయింది కళ్ళమ్మా, బుర్ర కాదు."

"మరి ఎందుకండీ అన్ని తిట్లు?"

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. "మంచిగా మాట్లాడితే నాకు తెలిసిపోయిందని వీడికి తెలిసిపోతుంది. తెలిస్తే మొహమాటపడి మానేస్తాడేమోనని తిట్టాను. తిట్టేకొద్దీ బాగా చెప్పేవాడు కూడాను."

"ఇన్నేళ్ళలో మీరిద్దరూ కలిసి మాట్లాడుకోలేదా?"

"ఎందుకు లేదు? నెలకోసారి లిఫ్టు చూడటానికి వచ్చేవాడు. 'లిఫ్టు బాగుందా' అంటాడు. 'బాగుంది' అంటాను. వెళ్ళిపోతాడు."

మావయ్య నోరు తెరవబోయాడు. పిచ్చుక గబుక్కున చేత్తో మూసేసింది. ఆ చెయ్యి కిందే ఆయన నవ్వుతున్నట్టు తెలిసింది, మీసాలు గుచ్చుకున్నాయి.

పెద్దాయన ఇంట్లో టీవీకి గేము తగిలించారు. పిచ్చుక పడవ బయల్దేరదీసింది.

"ఆ... దీపస్తంభం ఉందండీ. అక్కడ ఏదో ఉంది."

"అక్కడంటే ఎక్కడ? ఏదో అంటే ఏమిటి?" అన్నాడు పెద్దాయన, అచ్చం ఆమె ఆఫీసరులాగే.

మావయ్య కుర్చీలోంచి లేచిపోయాడు. చేతులతో మెట్లు చూపించాడు, వేళ్ళు తిప్పి చుట్లు చూపించాడు, ముక్కు మూసుకున్నాడు.

"మెట్లు... చుట్లు తిరిగి పైకి పోతున్నాయి. తుప్పు పట్టి ఉన్నాయి. కింద చేపలు ఎండబెట్టారు, కంపు కొడుతున్నట్టున్నాయి. పైన దీపం ఆరిపోయి ఉందండీ. కానీ కిటికీలో..." పిచ్చుక ముందుకు వంగింది. ఇన్నాళ్ళూ ఇలాంటి తెరల్లో తప్పులకోసమే వెతికింది గానీ, ఇంత నిదానంగా ఎప్పుడూ చూడలేదు. "కిటికీలో చొక్కా ఆరేసి ఉంది. చిన్న చొక్కా. పసుపు గళ్ళది, ఇంకా నీళ్ళు కారుతున్నాయి."

"తడిగా ఉందా?" పెద్దాయన చేతులు కుర్చీని బిగించి పట్టుకున్నాయి. "అయితే లోపలే ఉన్నాడు! ఎక్కు!"

ఆమె ఎక్కింది. ప్రతి మెట్టూ చెబుతూ ఎక్కింది. తమ్ముడు పై గదిలో, జ్వరంతో, దుప్పటి కప్పుకుని దొరికాడు. అక్క వాణ్ణి ఎలా చూసిందో, వాడు ఎలా చూశాడో కూడా చెప్పింది. మావయ్య ముక్కు చీదుకున్నాడు, చప్పుడు రాకుండా.

"సరే, ఇక వాణ్ణి ఆసుపత్రికి చేర్చాలిగా. రేవులో ఏముంది?" అన్నాడు పెద్దాయన చివరికి.

"బండి ఉందండీ. నీలంరంగు ట్యాక్సీలాంటిది. నడపమంటారా?"

పెద్దాయన నెమ్మదిగా రెండు చేతులూ చాచాడు. పిచ్చుక మావయ్య వైపు చూసింది. ఆయన కళ్ళతోనే, ఇచ్చెయ్ అన్నాడు. ఆమె కంట్రోలరు ఆ చేతుల్లో పెట్టి, ఏ బటన్ దేనికో వేలు పట్టుకుని చూపించింది.

పెద్దాయన వీపు నిటారుగా చేసి, చొక్కా కాలరు సర్దుకుని, బండి కదిలించాడు. కదలగానే చేపల బండిని గుద్దాడు.

"ఏంటా చప్పుడు?"

"చేపల బండండీ."

"రోడ్డు మధ్యలో పెట్టుకున్నవాడిదే తప్పు. ఇప్పుడు?"

"నేరుగా పోనివ్వండి. కుడివైపు సముద్రం, ఎండకి మెరుస్తోంది. ఎడమవైపు తెల్లటి ఇళ్ళు. అయ్యో, గోడ... పరవాలేదు, పాతగోడే!"

మావయ్య సోఫాలో పడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరిపడేలా నవ్వుతున్నాడు. పెద్దాయన మాత్రం నవ్వడం లేదు. కనుబొమలు ముడిచి, పెదవి బిగించి, ఊరంతా తన బండి ఎక్కి కూర్చున్నంత బాధ్యతగా ఉన్నాడు.

"నాలుగు రోడ్ల కూడలి వచ్చిందండీ. మధ్యలో గుర్రం బొమ్మ. ఒక పిల్లి రోడ్డు దాటుతోంది, తెల్లది, దానికి ఏ తొందరా లేదు..."

"పిల్లిని దాటనీ, ఆగుతాను," అన్నాడు పెద్దాయన, బ్రేకు నొక్కిపట్టి. "ఇక ఎడమకా, కుడికా? తొందరగా చెప్పమ్మా, వెనక హారన్లు కొడుతున్నారు!"